పిలిచినా తిరిగి చూడని బిడ్డ



ఈ నెల ఒక తప్పు ఒప్పుకొని ఈ శీర్షిక మొదలుపెడతాను. తప్పు నాది.

మా సంఘములో ఒక సహోదరి ఉంది. భర్త ట్రాక్టరు తోలతాడు. ఆమె మిరపకోతకు, పత్తితీతకు వెళ్తుంది. పెళ్ళయిన ఆరేళ్ళకు వారికి ఒక కొడుకు కలిగాడు. చూడచక్కని బిడ్డ. వాడికి రెండేళ్ళు నిండిన తరువాత ఒక బుధవారం, ప్రార్థన కూటము అయ్యాక ఆమె వెనుక నిలబడిపోయి, "అయ్యగారూ, బాబు పిలిస్తే పలకడంలేదు. అంతకుముందు అమ్మా అనేవాడు, ఇప్పుడు ఆ మాట కూడా పోయింది. గరిటె తిప్పుకుంటూ గంటలకొద్దీ కూర్చుంటాడు. నాకు భయంగా ఉంది" అని చెప్పింది. నేను బిడ్డ తలమీద చెయ్యి ఉంచి ప్రార్థన చేశాను. ఆ తరువాత, "మగపిల్లలకు మాటలు ఆలస్యమేనమ్మా. మా తమ్ముడికి నాలుగేళ్ళకు గాని రాలేదు. కంగారుపడకు" అని చెప్పి పంపేశాను.

ఇంటిదగ్గర వాళ్ళ అత్తగారు వసకొమ్ము అరగదీసి నాలుకకు రాసింది. చుట్టాలు తలా ఒక మాట అన్నారు. ఇలా రెండేళ్ళు గడిచిపోయాయి.

ఆ రెండేళ్ళలో ఆమె మందిరము లోపలికి రావడం మానేసింది. మైకు మోతను ఆ బిడ్డ ఓర్చుకోలేడు. పాట మొదలుకాగానే చెవులు మూసుకొని కేకలు పెట్టేవాడు. ముందు వరుసలవారు వెనక్కి తిరిగి చూసేవారు. ఒక పెద్దమ్మ, "పిల్లాడిలో ఏదో ఉంది, ఎవరినైనా పిలిపించి వెళ్ళగొట్టించండి" అని అందరూ వినేలా అంది. ఆ ఆదివారం మొదలు ఆమె బయట వేపచెట్టు క్రింద బిడ్డను ఒళ్ళో పెట్టుకొని కూర్చుని, కిటికీలోనుండి వినపడినంత విని ఇంటికి వెళ్ళిపోయేది. ఆమె భక్తిలో చల్లారిపోయిందని నేను అనుకున్నాను.

చివరకు నేను చేయవలసిన పని అంగన్‌వాడీ టీచరు చేసింది. పిల్లలను పరీక్షించే వైద్య బృందం ఊరికి వచ్చినప్పుడు ఆ బిడ్డను చూపించింది. వారు జిల్లా ఆసుపత్రికి చీటీ రాసిచ్చారు. తోడుగా నేనూ వెళ్ళాను. రెండు మూడుసార్లు తిరిగాక డాక్టరుగారు ఇది ఆటిజం అని చెప్పి, "రెండేళ్ళప్పుడే తీసుకొచ్చి ఉంటే బాగుండేదమ్మా" అన్నారు. ఆ సహోదరి తల వంచుకుంది. నావైపు చూడలేదు. ఆమె చూడకపోవడమే నాకు బరువైంది.

నేను డాక్టరును కాను, దైవశాస్త్రములో డిప్లొమా చదివినవాణ్ణి. అయితే ఆనాటినుండి ఆసుపత్రుల వెంట తిరిగి, చదివి, అడిగి తెలుసుకున్నది మీ ముందు పెడుతున్నాను. మీ ఇంట్లో అలాంటి బిడ్డ లేకపోవచ్చు. మీ వీధిలో ఉండవచ్చు. ప్రపంచములో సుమారు 127 మందిలో ఒకరికి ఆటిజం ఉంటుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021 సంవత్సరపు లెక్క. మగపిల్లలలో ఎక్కువగా కనబడుతుంది. ఆడపిల్లలలో చాలాసార్లు గుర్తించకుండా పోతుంది.

ఇది ఏమిటి, ఏది కాదు

ఆటిజం అంటువ్యాధి కాదు, పిచ్చి కాదు, మొండితనము కాదు. మెదడు ఎదిగే తీరులో పుట్టుకనుండే ఉండే తేడా. ఎదుటివారి ముఖము, మాట, సైగ మనకు అర్థమయినంత సులువుగా ఆ బిడ్డకు అర్థము కావు. వెలుగు, చప్పుడు, స్పర్శ, రుచి కొందరికి మరీ ఎక్కువగా తగులుతాయి, కొందరికి తగలనట్టే ఉంటాయి. కొందరు అసలు మాట్లాడరు. కొందరు చక్కగా మాట్లాడి, పెద్ద చదువులు చదివి, తోటివారితో కలవడానికి మాత్రము ఇబ్బందిపడతారు. అందరికీ ఒకే విధముగా ఉండదు.

మొదట తల్లిదండ్రుల గుండెలో ముల్లు తీయాలి. "మేమేం పాపం చేశాం?" అని ఆ తండ్రి నన్ను బస్సులో అడిగాడు. పుట్టుగ్రుడ్డివాణ్ణి చూసి శిష్యులు కూడా ఇదే ప్రశ్న అడిగారు. తప్పు ఆ మనిషిదా, కన్నవారిదా అని. ఇద్దరిదీ కాదని ప్రభువు చెప్పిన సంగతి యోహాను సువార్త 9వ అధ్యాయములో మనం ఎన్నిసార్లు చదివామో! చదివి కూడా మన సంఘములలో అదే ప్రశ్న మళ్ళీ అడుగుతున్నాము.

చదువుకున్నవారు సైతము ఈ తప్పు చేశారు. 1943లో అమెరికాలో లియో కానర్ అనే డాక్టరు 11 మంది పిల్లలను చూసి ఈ స్థితిని వివరముగా రాశాడు. ఆ తరువాత కొన్ని దశాబ్దాలపాటు, తల్లి ప్రేమ చూపకపోవడమువల్లే బిడ్డ ఇలా అవుతాడని అక్కడి పెద్ద పెద్ద వైద్యులు చెప్పారు. ఎందరో తల్లులు ఆ నింద మోశారు. 1964లో బెర్నార్డ్ రిమ్‌లాండ్ అనే ఆయన ఆ మాటను ఖండిస్తూ పుస్తకము రాశాడు. ఆయన మనస్తత్వశాస్త్రము చదివినవాడు, అలాంటి కొడుకుకు తండ్రి. 1977లో ఇంగ్లండులో 21 జతల కవల పిల్లలను పరీక్షించారు. అచ్చుగుద్దినట్టు ఒకేలా ఉండే కవలలు 11 జతలు. వాటిలో 4 జతలలో ఇద్దరికీ ఆటిజం ఉంది. వేరువేరుగా ఉండే కవలలు 10 జతలు. వాటిలో ఒక్క జతలో కూడా ఇద్దరికీ లేదు. అంటే ఇందులో వంశపారంపర్యముగా వచ్చే అంశాల పాత్ర ఉందని తేలింది, తల్లి మీద మోపిన నింద నిలవలేదు. కాబట్టి అత్తలారా, ఆడబిడ్డలారా, కోడలిని అనకండి. ఆమె కడుపుతో ఉన్నప్పుడు గ్రహణం చూసినందుకూ కాదు, కూలికి వెళ్ళినందుకూ కాదు.

టీకాలవల్ల వస్తుందన్న మాట కూడా ఊళ్ళలోకి వచ్చింది. 1998లో ఇంగ్లండులో 12 మంది పిల్లలను చూపించి ఒక డాక్టరు రాసిన వ్యాసమునుండి ఆ భయము పుట్టింది. ఆ వ్యాసాన్ని అచ్చువేసిన పత్రికే 2010లో దానిని రద్దు చేసింది. డెన్మార్కు దేశములో 6 లక్షల 57 వేల మందికి పైగా పిల్లలను ఏళ్ళతరబడి గమనించి, తట్టు టీకాకు ఆటిజానికి సంబంధము లేదని 2019లో ప్రకటించారు. దయచేసి టీకాలు మానకండి. తట్టు బిడ్డ ప్రాణమే తీయగలదు.

ఎలా గుర్తుపట్టాలి

ఏడాది నిండిన బిడ్డ పేరుపెట్టి పిలిస్తే తిరిగి చూస్తాడు, చేతులు ఊపి టాటా చెప్తాడు. ఏడాదిన్నరకు కాకినో చందమామనో వేలుపెట్టి చూపించి, మనం చూశామా లేదా అని మన ముఖము చూస్తాడు. రెండేళ్ళకు "అమ్మ రా", "పాలు కావాలి" అని రెండు మాటలు కలుపుతాడు. ఇవి రాకపోతే ఆగకండి. వచ్చిన మాట పోతే, అది ఏ వయస్సులోనైనా సరే, వెంటనే చూపించండి.

ఇంకా కొన్ని గుర్తులు. ముఖములోకి చూడడు. కావలసినదానికి మన చెయ్యి పట్టుకొని లాక్కుపోతాడు గాని వేలుపెట్టి చూపించడు. ఆటబండి నడపడు, చక్రము ఒక్కటే తిప్పుతూ ఉంటాడు. చెప్పులో, చింతగింజలో వరుసగా పేరుస్తాడు, ఆ వరుస కదిలిస్తే ఏడ్చి గోల చేస్తాడు. చేతులు రెక్కలవలె ఆడిస్తాడు. కుక్కరు కూతకు, డప్పుకు చెవులు మూసుకుంటాడు. "నీళ్ళు కావాలా?" అని మనం అడిగితే తానూ "నీళ్ళు కావాలా?" అనే అంటాడు. అది వెక్కిరింపు కాదు. తనకు నీళ్ళు కావాలని ఆ మాటతోనే చెప్తున్నాడు.

వీటిలో ఒకటి రెండు ఉన్నంత మాత్రాన ఆటిజం అని మీరు గాని నేను గాని తీర్పు చెప్పకూడదు. చెవి వినపడకపోయినా బిడ్డ పలకడు. అందుకే మొదట వినికిడి పరీక్ష చేయిస్తారు. మన పని తీర్పు చెప్పడము కాదు, తీసుకువెళ్ళడము.

ఎక్కడికి వెళ్ళాలి

ముందు మీ అంగన్‌వాడీ టీచరుకో, ఆశా కార్యకర్తకో చెప్పండి. 18 ఏళ్ళలోపు పిల్లలను పరీక్షించడానికి 2013లో కేంద్ర ప్రభుత్వము ఆర్.బి.ఎస్.కె. అనే కార్యక్రమము మొదలుపెట్టింది. వైద్య బృందాలు అంగన్‌వాడీలకు, ప్రభుత్వ బడులకు వస్తాయి. అవసరమైన పిల్లలను జిల్లా స్థాయిలో ఉండే సత్వర చికిత్సా కేంద్రానికి పంపుతాయి. దానిని డైక్ అని పిలుస్తారు. అక్కడ పిల్లల డాక్టరు, మాటలు నేర్పేవారు, చేతిపనులు అలవాటు చేసేవారు చూస్తారు. బృందము వచ్చేవరకు ఆగనవసరము లేదు, నేరుగా జిల్లా ఆసుపత్రికి వెళ్ళి అడగండి.

సికింద్రాబాదులో 1984లో స్థాపించిన జాతీయ సంస్థ ఉంది. చాలామందికి ఎన్.ఐ.ఎం.హెచ్. అన్న పాత పేరుతోనే తెలుసు, ఇప్పటి పేరు ఎన్.ఐ.ఇ.పి.ఐ.డి. మన దేశపు పిల్లలలో ఆటిజం ఎంతమేరకు ఉందో కొలవడానికి 40 అంశాల కొలమానము తయారుచేసి 2009లో ఇచ్చింది ఆ సంస్థే.

2016 వికలాంగుల హక్కుల చట్టములో ఆటిజాన్ని 21 వైకల్యాలలో ఒకటిగా చేర్చారు. 40 శాతము, అంతకుమించి ఉందని ధ్రువపత్రము వస్తే, 6 నుండి 18 ఏళ్ళవరకు దగ్గర బడిలోగాని ప్రత్యేక బడిలోగాని ఉచితముగా చదువుకునే హక్కు ఉంది. ఏ బడిలో అన్నది మీరే కోరుకోవచ్చు. ధ్రువపత్రాన్ని మన ప్రాంతములో సదరం సర్టిఫికెట్టు అంటారు. దేశమంతటా చెల్లే యూడీఐడీ కార్డు కూడా తీసుకోండి. మండలాలలో భవిత కేంద్రాలు ఉన్నాయి, బడి హెడ్‌మాస్టరుగారిని అడగండి. నేషనల్ ట్రస్టువారి నిరామయ పథకములో ఏడాదికి లక్ష రూపాయల వరకు ఆరోగ్య బీమా ఉంది. "సర్టిఫికెట్టు తీస్తే చెల్లెలికి పెళ్ళి కాదు" అని కాగితము వద్దనుకునే తల్లిదండ్రులను చూశాను. బిడ్డ హక్కును మనమే దాచిపెట్టినట్టు అవుతుంది.

ఇంటిలో చేయవలసిన పని

ఆటిజమును పూర్తిగా పోగొట్టే మందు లేదు. ఉందని చెప్పి వేలకు వేలు అడిగేవారిని నమ్మకండి. ఫిట్సు, నిద్రలేమి వంటివి కూడా ఉంటే వాటికి డాక్టరు మాత్రలు రాస్తారు. ఆ మాత్రలు ఎవరు చెప్పినా, చివరకు ప్రార్థన చేసే మనిషి చెప్పినా, డాక్టరును అడగకుండా మానకండి. ఫిట్సు మాత్ర ఒక్కసారిగా మానితే ప్రాణాపాయము.

మందు లేదు గాని పని ఉంది. ఆ పనిలో సగము ఇంటిదే. గోవాలోను, పాకిస్తానులోని రావల్పిండిలోను 65 మంది పిల్లల కుటుంబాలతో ఒక పరిశోధన జరిగింది. పెద్ద డిగ్రీలు లేని ఆరోగ్య కార్యకర్తలు తల్లిదండ్రులకు బిడ్డతో ఎలా ఆడాలో, ఎలా మాట్లాడాలో నేర్పారు. ఆ నేర్పు పొందిన ఇళ్ళలో పిల్లలు తామే ముందుగా తల్లిదండ్రులను పలకరించడము పెరిగిందని 2016లో ప్రచురించారు. కూలికి వెళ్ళే తల్లికి ఇది ధైర్యమిచ్చే మాట.

మా సహోదరికి నేర్పినవి కొన్ని చెప్తాను.

బిడ్డ ఎదుట నేలమీద కూర్చోవాలి. వాడు దేనితో ఆడితే దానితోనే మనమూ ఆడాలి. గరిటె తిప్పితే మనమూ ఒక గరిటె తిప్పాలి. వాడు ఒక్కసారి మనవైపు చూస్తే అక్కడే పని మొదలు.

పెద్ద మాటలు వద్దు. "స్నానం చేసి అన్నం తిని పడుకుందువుగాని రా" అంటే వాడికి అందదు. "రా. నీళ్ళు." అంతే. చెప్పి, మనసులో పది లెక్కపెట్టేవరకు ఆగాలి. మన తొందరలో వాడి జవాబుకు చోటు లేకుండా పోతుంది.

కావలసినది అడగకముందే చేతిలో పెట్టకూడదు. బిస్కట్టు డబ్బా కనబడేలా, అందకుండా ఉంచాలి. చూపు, వేలు, శబ్దము, ఏది వచ్చినా వెంటనే ఇచ్చి మెచ్చుకోవాలి.

మాట రాని బిడ్డకు బొమ్మలు మాటలవుతాయి. గ్లాసు, పళ్ళెము, చెప్పులు, మంచము ఫోటోలు తీసి అట్టమీద అతికించి గోడకు కట్టారు. దాహమైతే గ్లాసు బొమ్మ తెచ్చి ఇస్తాడు. బొమ్మలు అలవాటైతే మాట రాదేమోనని భయపడనవసరము లేదని అక్కడివారు చెప్పారు.

రోజు ఒకే వరుసలో నడవాలి. మార్పు ఉంటే ముందే చెప్పాలి, చూపించాలి. గోల చేస్తున్నప్పుడు కొట్టవద్దు. చప్పుడు తగ్గించి, జనములోనుండి ప్రక్కకు తీసుకువెళ్ళి, దగ్గర ఉండి ఊరుకోవాలి. కొట్టినందువల్ల ఆ బిడ్డకు భయము వస్తుందే గాని సంగతి అర్థము కాదు. గొలుసుతో మంచానికి కట్టివేసిన బిడ్డను కూడా నేను ఒక ఊళ్ళో చూశాను. తల్లి కూలికి పోవాలి, వేరే దారి తెలియదు. ఆమెను తప్పుపట్టడానికి ముందు, ఆ ఊరి సంఘము ఏమి చేస్తున్నది అని అడగాలి.

ఎందుకంటే ఇలాంటి పిల్లలు చెప్పకుండా వెళ్ళిపోతారు. నీరంటే చాలామందికి ఇష్టము. మన ఊళ్ళకు సాగర్ కాలువ దగ్గర, చెరువు దగ్గర, మూతలేని బావులు దగ్గర. చొక్కా లోపల తండ్రి ఫోను నంబరు కుట్టించండి. ఇరుగుపొరుగుకు, కాలువగట్టున పశువులు కాసేవారికి బిడ్డను చూపించి చెప్పి ఉంచండి. కనబడకపోతే మొదట నీళ్ళవైపు పరుగెత్తండి.

సంఘము చేయవలసినది

మేము చేసినవి ఖర్చులేని పనులు. వెనుక తలుపు ప్రక్కన ఒక చాప ఆ కుటుంబానికి కేటాయించాము. బాక్సుల చప్పుడు తగ్గించాము. మొదట గొణిగినవారున్నారు, ఇప్పుడు పెద్దవయస్సువారే అదే బాగుంది అంటున్నారు. పాటలప్పుడు బిడ్డ బయట తిరిగి, వాక్యానికి లోపలికి వస్తాడు. ఆ సమయములో వాడి వెంట ఉండడానికి యౌవనస్థులు వంతులు వేసుకున్నారు. సండేస్కూలు పిల్లలకు, "వాడు మాట్లాడడు, కాని వింటాడు" అని చెప్పాము. పెద్దలకన్నా పిల్లలు త్వరగా నేర్చుకున్నారు.

దయ్యము వెళ్ళగొట్టే పేరుతో ఆ పిల్లలను పట్టుకొని అరవడము, కొట్టడము, ఉపవాసము పెట్టడము మా సంఘములో ఇక ఉండదని పెద్దలతో కలిసి తీర్మానము చేశాము. ప్రార్థన మానలేదు. ఆ బిడ్డ పేరు ప్రతి బుధవారం ఎత్తుతాము. కాని ప్రార్థించి ఆమెన్ అన్నవాడు ఆసుపత్రి రోజున తోడు వెళ్ళాలి, బస్సు చార్జి ఇవ్వాలి, తల్లి ఒక పూట నిద్రపోవడానికి బిడ్డను చూసుకోవాలి. ఆమె రాత్రులు నిద్రపోయి ఎన్నాళ్ళయిందో నేను రెండేళ్ళు అడగనే లేదు.

తండ్రులారా, మీకూ ఒక మాట. ఈ బరువు తల్లి ఒక్కదానిమీద వేసి సారాయి దుకాణానికి వెళ్ళేవారున్నారు. బిడ్డకు మీ గొంతు కూడా కావాలి. ఇంట్లో మిగతా పిల్లలను మరచిపోకండి, వారికీ మీ ఒడి కావాలి. "మా తరువాత వీడికెవరు?" అన్న దిగులు ఉన్నవారికి, బిడ్డకు 18 ఏళ్ళు నిండాక చట్టబద్ధముగా సంరక్షకుణ్ణి నియమించడానికి నేషనల్ ట్రస్టు చట్టము క్రింద జిల్లా కమిటీ ఉంది. కలెక్టరు కార్యాలయములో అడగండి.

ఆ బిడ్డకు ఇప్పుడు ఏడేళ్ళు. అద్భుతము జరిగిందని సాక్ష్యము చెప్పడానికి నాకు ఏమీ లేదు. వాడికి పది పన్నెండు మాటలు వచ్చాయి. చెప్పులు తానే వేసుకుంటాడు. మళ్ళీ అమ్మా అంటున్నాడు. రెండేళ్ళు ముందుగా మొదలుపెట్టి ఉంటే ఇంకెన్ని వచ్చేవో నేను చెప్పలేను. ఆ లెక్క నా దగ్గరే ఉండిపోతుంది. పోయిన నెల ఆ సహోదరిని క్షమించమని అడిగాను. "మీరొక్కరే అన్నారా అయ్యగారూ, అందరూ అదే అన్నారు" అంది. నిజమే. అందుకే ఇది అందరికీ రాస్తున్నాను.

ఈ ఆదివారం మీ మందిరము బయట చెట్టు క్రింద ఎవరైనా తల్లి బిడ్డతో కూర్చుని ఉందేమో చూడండి. ఉంటే వెళ్ళి ప్రక్కన కూర్చోండి. "ఆగు, అవే వస్తాయి" అని మాత్రము చెప్పకండి. "రేపు ఆసుపత్రికి నేనూ వస్తాను" అని చెప్పండి.

ప్రభువునందు మీ సహోదరుడు,
సంఘకాపరి